గోలీ బ్యాగుకి ప్రస్థానం

సోమవారం మధ్యాహ్నం నుంచే డెనిస్ బ్యాగు సర్దడం మొదలుపెట్టాను. మనిషి పట్టేంత కాన్వాసు బ్యాగు అది. ఐస్ హాకీలో గోలు కాసే గోలీ సామానంతా అందులోనే ఉంటుంది. స్కేట్లు, మాస్కు, గ్లవ్స్, ఛాతీకి కట్టుకునే మెత్త. కాళ్ళ ప్యాడ్లు పట్టవు, పైన బెల్టుతో బిగించాలి. సర్దాను, విప్పాను, మళ్ళీ సర్దాను. మాస్కు పెట్టానో లేదోనని అడుగుదాకా తడిమాను.

మాది పెన్సిల్వేనియాలో కోల్టన్ ఫాల్స్ అనే బొగ్గు ఊరు. తమ్ముడు జగన్మోహన్ అక్కడ డాక్టరు. మా ఆయన పోయాక నేను వాడి దగ్గరే ఉండిపోయాను. గనులు మూతపడిన ఊళ్ళో ఏదో ఒక సందడి ఉండాలని 1976లో లాంతర్స్ అనే జట్టు పెట్టారు. పెద్ద లీగుకి చాలా కింది మెట్టు. పాత ట్రాము షెడ్డులో నీళ్ళు గడ్డకట్టించి రింకు చేశారు. మొదటి రెండేళ్ళూ కూర్చోవడానికి చోటుండేది కాదు. తమ్ముడు బెంచీ వెనక నిలబడి చిట్లిన కనుబొమలకి కుట్లు వేసేవాడు. ఆటగాళ్ళకి ఊరివాళ్ళే ఇళ్ళల్లో గదులిచ్చేవారు. అలా క్యూబెక్ నుంచి వచ్చిన డెనిస్ మూడు చలికాలాలు మా మేడమీద ఉన్నాడు. తమ్ముడు అక్కా అని పిలుస్తుంటే అదే నా పేరనుకున్నాడు. జట్టంతా నన్ను మిసెస్ అక్కా అనేది.

ఐదో ఏడాది ఆట చూసే జనం పలచబడ్డారు. జట్టు బయటి ఊరు వెళ్ళినప్పుడల్లా తిరుగు బస్సులో ఎవరో ఒకరు తగ్గేవారు. ఆ ఆటగాణ్ణి మధ్యదారిలో వేరే జట్టుకి ఇచ్చేసేవారు. అతనికి గది ఇచ్చిన ఇంటావిడ కంచం తీసి లోపల పెట్టుకునేది. డెనిస్ తిరిగి రావాలి. నాకు కావలసింది అంతే.

వాళ్ళ బస్సు మంగళవారం పొద్దున. మా ఇళ్ళల్లో మంగళవారం ఎవరూ బయల్దేరరు. తప్పనిసరైతే ముందురోజు మంచివేళ చూసి, సామాను తీసుకెళ్ళి వేరే ఇంట్లో పెడతాం. దాన్నే ప్రస్థానం అంటాం. అప్పుడే ప్రయాణమైనట్టు లెక్క, వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగొస్తారు.

"అక్కా, వాడు వెళ్ళేది హాకీకి. కాశీకి కాదు," అన్నాడు జగన్మోహన్.

"వదినా, ఆ బ్యాగ్ టచ్ చేసిన చేతులతో దీపం పెట్టకండి. ఆ స్మెల్‌కి దేవుడే లేచి వెళ్ళిపోతాడు," అంది మరదలు సుమతి.

డెనిస్ నవ్వాడు. "నో ప్రాబ్లమ్, అక్కా. ఇప్పుడే రింకులో పడేసి వస్తాను. అదీ బయటే కదా?"

"రింకు ఇల్లా? పొయ్యి వెలిగే చోట పెట్టాలి," అన్నాను. నా ఇంగ్లీషు పేపర్లో ఆటల పేజీ కూడబలుక్కుని నేర్చినది. అయినా మూడేళ్ళలో అతనికి అలవాటైపోయింది.

ఇద్దరం ఆ బ్యాగుని పిల్లలు మంచుమీద జారే స్లెడ్డు బల్లమీద ఎక్కించి, మంచులో పక్కింటి కొవాల్‌స్కీ గారింటికి లాక్కెళ్ళాం. ఆ ఇంటావిడ వంటింటి గుమ్మం పక్కన చోటిచ్చింది. "మీ దేవుడికి హాకీ తెలుసా?" అని అడిగింది. ఇంటికొచ్చాక కూడా కిటికీలోంచి ఆ గుమ్మంకేసి చూస్తూనే ఉన్నాను.

మంగళవారం తెల్లవారేసరికి రింకు తలుపుకి గొలుసూ తాళం. అద్దె తగువులో కోర్టువాళ్ళు లోపలున్నదంతా స్వాధీనం చేసుకున్నారు. జట్టు యజమాని ఫోనెత్తడం లేదు. ఆటగాళ్ళు ప్రయాణానికని మెడకి టైలు కట్టుకుని మంచులో నిలబడ్డారు. వాళ్ళ స్కేట్లూ కర్రలూ అన్నీ తాళం వెనక. బస్సు ఖాళీగా వెనక్కి వెళ్ళిపోయింది. లాంతర్స్ ఐదో ఏటితో సరి.

డెనిస్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఒహాయోలో ఒక టీమ్‌లో గోలీకి చెయ్యి విరిగిందట, అక్కా. వాళ్ళ కోచ్ కాల్ చేశాడు. సామాను సొంతంగా ఉన్నవాడు, ఈ రాత్రికే కావాలన్నారు. ఊరు మొత్తంలో సామాను ఉన్నది నాకొక్కడికే!"

నిన్న నేను ఆ బ్యాగుని రింకులో పడెయ్యనిచ్చి ఉంటే ఇతనూ ఆగిపోయేవాడు.

"బుధవారం వెళ్ళకూడదా?"

"రేపటికి ఇంకొకడు దొరుకుతాడు. నాకు ఇరవై ఏడు. ఇది పోతే ఇంటికెళ్ళి నాన్నతో కట్టెలు కొట్టుకోవాలి."

"సీజన్ అయ్యాక వస్తావా?"

"మీ ప్రస్థానానికి రిటర్న్ గ్యారంటీ ఉందన్నారుగా!"

"ఉంది," అన్నాను. "ఆలస్యం చెయ్యకు."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. గబగబా నాలుగు పులిహోర పొట్లాలు కట్టాను. నాలుగెందుకో నాకే తెలియదు. జగన్మోహన్ కారు స్టార్ట్ చేశాడు. కొవాల్‌స్కీ గారింటి నుంచి బ్యాగు తెచ్చి ఎక్కిస్తే డిక్కీ మూతపడలేదు, తాడు కట్టారు. బస్‌స్టేషన్ దాకా నేనూ వెళ్ళాను. సామాను కింది అరలో తోశాక డెనిస్ మెట్టుమీద నిలబడి ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదు. తల ఊపాను.

మిగతావాళ్ళు వారంలోగా ఒక్కొక్కరే కార్లలో, బస్సుల్లో వెళ్ళిపోయారు. వాళ్ళ సామాను వసంతకాలంలో వేలం వేశారు. రింకులో తివాచీల గోదాము పెట్టారు. నేను మాత్రం ఆటల పేజీలో ఒహాయో స్కోర్లు వెతికేదాన్ని. రెండేళ్ళు అతని పేరు కనిపించింది. ఆ తర్వాత ఆ జట్టూ మూతపడింది. మేడమీద గదిలోకి ఎప్పుడూ వేరేవాళ్ళని రానివ్వలేదు. సుమతి ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకుంది.

లాంతర్స్ గోలీ డెనిస్ కోల్టన్ ఫాల్స్ వదిలింది 1981 ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం, మధ్యాహ్నం బస్సుకి. మళ్ళీ రాలేదు.