మల్లీశ్వరి పుట్టి, ఓబులేషు ముడి

పొద్దున్నే కల్లాపి చల్లి, ఎనుముకు గడ్డి వేసి, మల్లీశ్వరి చెరువుకట్ట ఎక్కుతుంది. మనుషుల్ని చెరువు దాటించే వెదురు పుట్టి ఎంత ఎత్తులో ఉందో చూసుకోవాలి కదా. నల్లమాడ పక్కన వాళ్ళ ఊరి చెరువు ఎండిపోయి ఏండ్లయింది. నీళ్ళు పోయిన సంగతి అందరికీ తెలుసు, పుట్టికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది కంపచెట్ల పైన, మేకల నెత్తిన, గుండ్రంగా నల్లగా తేలుతూనే ఉంటుంది. ఒకనాడు మోకాలెత్తు, ఇంకోనాడు కట్టకంటే ఎత్తు. "ఈ పొద్దు మట్టం బాగుండాది" అనుకుంటూ మేకలు కాసేవాళ్ళు దాని నీడలో సద్ది విప్పుకుంటారు.

తేలేదాన్ని కట్టకపోతే పోతుంది. ఆ పని మామ తిప్పయ్య పోతా పోతా కొడుకును కాదని కోడలికి అప్పజెప్పినాడు. ఆయనకు కొడుకు సంగతి తెలుసు. రెండు తాళ్ళు కట్టాలి. మట్టంతో పాటు పుట్టి లేవాలి కాబట్టి తాళ్ళు వదులుగా ఉండాలి. కట్ట రాళ్ళకు రాసుకోకుండా చుట్టూ పాత టైర్లు వేలాడదీయాలి. ఇంతే. ఈ ఇంత మాత్రం మొగుడు ఓబులేషు బుర్రకు ఎందుకెక్కదో ఆమెకు అంతుబట్టదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఎనుముల్ని కట్టినవాడు. ఒకటే తాడు, పొట్టిగా, బిర్రుగా, గుంజేకొద్దీ బిగిసే ముడి. తెల్లారేసరికి మట్టం లేచి, పుట్టి ఒక పక్కకు ఒరిగి, వెదురు అంచు చీలి ఉంటుంది.

"అది ఎనుము కాదయ్యా. తాడు పొడుగ్గా ఇడువు."

"పొడుగ్గా ఇడిస్తే పక్కోని చేన్లో పడదా?"

"పడి ఏం మేస్తాది?"

ఓబులేషు నిజంగానే ఆలోచనలో పడినాడు. ఆమెకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే.

ఆ యేడు శనక్కాయ మొలవలేదు. బెంగళూరు కట్టడాలకు కూలీలను తోలుకుపోయే మేస్త్రీ శ్రీరంగప్పకు ఇద్దరమూ వస్తామని ఓబులేషు మాట ఇచ్చేసినాడు. పోయినసారి ఏడో అంతస్తుకు ఇసుక మోసి మోసి మల్లీశ్వరికి నిద్రలో కూడా మెట్లే వచ్చేవి.

"నేను రాను. పుట్టిని ఎవరు చూస్తారు?"

"ఈడ కూర్చోని పుట్టిని చూస్తా ఉంటే కడుపు నిండుతాదా మే?"

"సరే పా. నువ్వు దాన్ని సక్కగా కట్టినాకనే నేను బండెక్కేది," అనింది.

బండి వచ్చిన పొద్దు ఓబులేషు కష్టపడినాడు, అబద్ధమెందుకు. ఎంత కష్టపడినాడంటే, గుంజీ గుంజీ కట్ట మీద తాళ్ళు కట్టే రాతి కూసాన్నే పెరికేసినాడు. చేతిలో తాళ్ళు, కట్టడానికి ఏమీ లేదు. పక్కన శ్రీరంగప్ప టెంపో నిలబడి ఉంది. కూసం పాతేదాకా దీనికి ఉండనీలే అని వెనక కొక్కేనికి రెండు తాళ్ళూ కలిపి ముడేసినాడు. పొట్టిగానే. గడ్డపార కోసం ఇంటికి పోయినాడు. అంతలో మట్టం లేచింది.

డ్రైవరు బండి స్టార్ట్ చేస్తే వెనక చక్రాలు గాల్లో గిర్రున తిరిగినాయి. లోపల కూలీలంతా ముందుకు జారి ఒకరి మీద ఒకరు పడినారు.

"మట్టం ఎప్పుడు దిగుతాది?" అన్నాడు శ్రీరంగప్ప, పంక్చరు ఎప్పుడు వేస్తారని అడిగినట్టు.

"దాని ఇష్టం," అనింది మల్లీశ్వరి.

"తాడు కోసేస్తా."

"కోస్తే పుట్టి పోతాది. అది పోతే నేను రాను."

గడ్డపారతో ఓబులేషు పరిగెత్తుకొచ్చినాడు. ముడి విప్పబోతే అది రాయి మాదిరి బిగిసి ఉంది. మల్లీశ్వరి మొగుడి దిక్కు ఒక చూపు చూసి, చీర కుచ్చిళ్ళు దోపుకొని, టెంపో కమ్మీలు పట్టుకొని ఎక్కి పుట్టిలోకి దిగింది. ఆమె బరువుకు పుట్టి జానెడు కుంగింది. చక్రాలు నేలకు ఆనినాయి, ముడి వదులైంది. ఓబులేషు విప్పి తాళ్ళు చేత పట్టుకున్నాడు. పుట్టి మెల్లగా కట్ట వదిలి జరిగింది.

ఇన్నేండ్లు దాన్ని కట్టిందే గాని ఎక్కింది లేదు. నీళ్ళు లేకుండా పుట్టి ఎక్కాలని ఎవరికి తోస్తుంది? అడుగున మామ తెడ్డు అట్లనే ఉంది. ఊరికే ఒకసారి వేసి చూసింది. తెడ్డుకు నీళ్ళ మాదిరే ఏదో బరువుగా, చల్లగా ఆనింది.

"గుంజుతా, దిగు," అన్నాడు ఓబులేషు.

"గుంజొద్దు."

బండిని సాగనంపడానికి వచ్చిన మారెక్క కట్ట అంచుకు వచ్చి నిలబడింది. ఆమె మేకల దొడ్డి అవతలి దరిన ఉంది, మోకాళ్ళు అరిగినాయి.

"ఊరికే ఊగుతాండావు గదమ్మే. నన్ను అవతల దించు. చుట్టూ తిరిగి పోవాలంటే కంపల్లో పానం పోతాంది. చెంబెడు పాలు పోస్తాలే."

ఆమె వెనకాల ఎరువు మూటతో నాగప్ప, చంకలో కోడిపుంజుతో ఇంకొకాయన వచ్చి నిలబడినారు. వరస ఎవరూ పెట్టమనలేదు.

మారెక్కను ఎక్కించుకొని మల్లీశ్వరి తెడ్డు వేసింది. కింద మేకలు తలెత్తి చూసి మళ్ళా మేతలో పడినాయి. చెరువు నడిమికి వచ్చేసరికి తాళ్ళు అయిపోయినాయి.

"చాలడంలేదు మే," అని కేకేసినాడు ఓబులేషు.

"ఇడిసిపెట్టు."

ఓబులేషు చేతుల్లోని తాళ్ళను చూసుకున్నాడు, ఆమెను చూసినాడు. ఇడిసిపెట్టినాడు.

శ్రీరంగప్ప హారన్ మీద చెయ్యి తీయడం లేదు. "ఓబులేషూ, నీ పెండ్లాం దిగుతాదా లేదా? బెంగళూరులో ఏమని చెప్పమంటాది?"

ఓబులేషు చేతులు నోటికి అడ్డం పెట్టుకొని అదే మాట అరిచి అడిగినాడు.

మల్లీశ్వరి వెనక్కి తిరగలేదు. "ఇద్దరమూ పనిలో ఉండామని చెప్పు," అనింది.