విడిపోయేటప్పుడు ఒక వాక్యం

డిస్కును తగిలించినా, విడదీసినా ప్రతి ఫైల్ సిస్టమ్, కంప్యూటర్ తన పనులన్నీ నమోదు చేసుకునే కెర్నెల్ లాగ్‌లో ఒకే తీరు వాక్యం రాయాలని, చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో ఉన్న మా బృందానికి నేను ప్యాచ్, అంటే కోడ్‌లో చిన్న మార్పు, పంపాను. బృందంలో పెద్దవాడైన బోహుమీర్ ఒప్పుకోనిదే అది అసలు కోడ్‌లో చేరదు. ఆయన తయారుచేసిన ఫైల్ సిస్టమ్ మాత్రం డిస్కు విడిపోయేటప్పుడు లాగ్‌లో ఏమీ రాయదు.

"నీ వాగుడు నా కోడ్‌కీ అంటించాలా? పనయ్యాక నోరెత్తదు నాది," అన్నాడు.

"లాగ్‌లో ఏమీ రాయలేదు కాబట్టి పనయిపోయిందనుకుని, పై అంతస్తు ల్యాబ్‌లో జ్దిస్లావా డిస్కు లాగేసిందండీ. మీ ఫైల్ సిస్టమ్ అప్పటికింకా డిస్కులోకి డేటా రాస్తూనే ఉంది. మూడేళ్ల కొలతలు పోయాయి."

ఆయన చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"నాకెవరూ చెప్పలేదే."

"మీరు మాత్రం ఎవరికి ఏం చెబుతారు?"

ప్యాచ్‌కు ఒప్పుకున్నాడు. పదకొండేళ్లుగా చెప్పకుండానే ఇంటికి వెళ్లే మనిషి, ఆ సాయంత్రం తలుపు దగ్గర ఆగి, "వెళ్తున్నాను," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియక అందరం తలలూపాం.