గోడబువ్వ

పొద్దుగాల లేవంగనే బద్యా బస్సు షెల్టరు ఊడుస్తడు, బిడ్డ రూప్లికి తల దువ్వుతడు, ఆ తర్వాత రోడ్డు దాటి పోయి తన గోడలు ఎంత దూరం వచ్చినయో బారతోటి కొలుచుకుంటడు. షెల్టరు ఊడ్వమని అతనికి ఎవరు చెప్పలే. పండుకున్న చోటు ఊడ్వకుంట లేచిపోతే మనిషికి, కుక్కకు తేడా ఏముంటదని అతని పట్టు. కుక్క కూడ తోకతోటి ఊడ్చుకునే కూసుంటదని పక్కన టీ కొట్టు పెట్టుకున్న జంపక్క నవ్వేది. ఆమె నవ్వితే బద్యా ఇంకో రెండుసార్లు ఎక్కువ ఊడ్చేది.

గోడలు రోజుకు బారెడు వస్తుండె. చండ్రుగొండ నుంచి దమ్మపేట దిక్కు పోయే రోడ్డు మీద ఉన్నది ఆ షెల్టరు. అతని ఇల్లున్న తండా ఇంకా లోపలికి, అడివి అంచుకు ఉన్నది. తూర్పు గోడ ముందు బయలెల్లింది, దాని వెనక మిగిలిన మూడు. ఎవరన్న చూస్తుంటే కదలవు, ఎండల నిలబడ్డ బర్ల లెక్క ఉంటయి. చూపు తిప్పితే మాత్రం అడుగు ముందుకే. తండల ఎవరు దాన్ని వింత అనుకోలే. దారిల ఉన్న మంచాలు పక్కకు జరుపుకున్నరు, కోళ్ల గంప తీసుకున్నరు. ఒకామె తన వాకిట్ల గోడ నిలిచిన రెండు రోజులు దాని మీద బట్టలు ఆరేసుకొని, పోతుంటే ఇంకో రోజు ఉంటే బాగుండు అనుకున్నది.

ఆ చుట్టుపక్కల మట్టి గోడ పెట్టాలంటే బద్యానే పెట్టాలె. ఎర్రమట్టిల ఊక కలిపి, మూడు రోజులు నానబెట్టి, కాళ్లతోటి తొక్కి తొక్కి వెన్న లెక్క చేస్తడు. రెండు రోజులు నానితే చాలదా అన్న ఆసామి ఇంటికి అతను మళ్ల పోలే, ఆ ఆసామి చచ్చినప్పుడు సుత పోలే. వరుస మీద వరుస పెట్టి, ఎండనిచ్చి, తూకం గుండు వేలాడదీసి చూస్తడు. గింజంత వంకర ఉన్నా గీకేసి మళ్ల పెడతడు. గోడ లేచినంక ఇంటాయన అతన్ని ఆ గోడకు వీపు ఆనించి కూసోబెట్టి కడుపునిండ అన్నం పెట్టాలె. అది గోడబువ్వ. తిని, చెయ్యి కడుక్కొని లేస్తే గోడ ఇంటాయనది అయితది. అప్పటిదాక అది పెట్టిన చెయ్యిదే. ఆ చెయ్యిగలోడు నీడ లేక బయట పడ్డడా, గోడ అతన్ని ఎతుక్కుంట పోతది. పిల్లలకు సైతం ఎరుకైన ముచ్చట గనుక గోడబువ్వ పెట్టుడు ఎవరు మరువరు. బద్యా ముప్పై ఇండ్లకు పైన గోడలు పెట్టిండు, అన్ని ఇండ్లల్ల తిన్నడు. తన ఇంటికి తనకు ఎవరు పెడతరు? అవసరమేంది?

ఆ ఇంటి మీద రేకులు, కింద మద్ది గుంజలు అన్న చందూలాల్ ఇప్పించినవి. నీ ఇల్లు, నా ఇల్లు వేరా తమ్మీ అన్నడు అప్పుడు. గుత్తేదారుల ఎనక తిరిగి తెల్లబట్టలు నేర్చినోడు అతను. బద్యా భార్యకు జబ్బు చేసి ఖమ్మం దవాఖానాల నలభై రోజులు ఉన్నది. ఆ వరండలకే చందూలాల్ ఒక కాయితం తెచ్చిండు. రేషన్ కార్డుకు కావాలె, వేలు పెట్టు అన్నడు. లోపల భార్యకు గుక్క తిరుగుతలేదు. బద్యా కాయితం దిక్కు చూడకనే వేలు పెట్టిండు. చూసినా ఏమయితుండె, అక్షరం ముక్క రాదాయె.

భార్యను మట్టిల పెట్టి, ఆరేండ్ల రూప్లిని భుజం మీద ఏసుకొని వచ్చేసరికి ఇంట్ల చందూలాల్ పిల్లలు ఆడుకుంటున్నరు. బద్యా వాకిట్ల నిలబడి ఏందన్నా ఇది అన్నడు. చందూలాల్ కాయితం తెచ్చి అతని మొఖం ముంగట పట్టిండు.

"ఇల్లు నాకు ఇచ్చినట్టు నువ్వే వేలిముద్ర ఏసినవు. చదువుకో."

ఇల్లు పోయినందుకైతే బద్యా పంచాయతి పెట్టేటోడు, తిట్టేటోడు, కాళ్లన్న పట్టుకునేటోడు. కాని "చదువుకో" అన్న ఆ ఒక్క మాట అతని గొంతుల ముల్లు లెక్క దిగింది. బిడ్డను ఎత్తుకొని రోడ్డు మీది షెల్టరు దిక్కు నడిచిండు. అతని ఎనక గోడలు బయలెల్లినంక తండా అంతటికి అర్థమైంది ఏందంటే, చందూలాల్ కాయితం చూసుకున్నడు గని, గోడబువ్వ పెట్టుడు మరిచిపోయిండని. సొంత తమ్మునికి గోడబువ్వ ఎవరన్న పెడతరా? ఆడనే దెబ్బతిన్నడు.

చందూలాల్ చెయ్యని పని లేదు. గోడలకు మోకులు కట్టి గుంజలకు బిగిస్తే, పొద్దున వరకు మోకులు తెగి పడి ఉన్నయి. గడ్డపారతోటి ఒక మూల పొడిస్తే, ఊడిన పెడ్డలు కూడ దొర్లుకుంట రోడ్డు దిక్కే పోయినయి. నడిచే గోడలు అతని పత్తి చేన్ల నుంచే పోవాల్సి వచ్చింది. నాలుగు గోడలు నాలుగు సాళ్లు తొక్కినయి. బద్యా పొద్దున పొద్దున బార కొలిచేటప్పుడు ఆ ఒరిగిన పత్తి మొక్కల్ని చూసి, ఒక్కొక్క దాన్ని లెక్కపెట్టుకొని సంతోషపడేది. దినమంత కూలికి పోయి, బిడ్డకు సాయంత్రం బన్ను రొట్టె తెచ్చేది, తాను చాయ తాగి పండేది.

ఆశ్లేష కార్తె రాంగనే ముసురు పట్టింది. షెల్టరుకు పై కప్పు ఉన్నదన్న మాటే గని, మూడు దిక్కుల నుంచి జల్లు. మూడో రోజుకు రూప్లికి చలిజ్వరం వచ్చింది. గోడలు ఇంకా నలభై బారల దూరంల, పత్తి చేను నడుమ ఉన్నయి.

ఆ మిట్టమధ్యాహ్నం, వాన జర తెరిపి ఇచ్చినప్పుడు, తండా పెద్ద రాందాస్ నాయక్‌ను ఎంట పెట్టుకొని చందూలాల్ వచ్చిండు. చేతుల పెద్ద పళ్లెం, దాని మీద గుడ్డ. గుడ్డ తీస్తే జొన్నరొట్టెలు, మేక కూర, పక్కన తెల్లన్నం. కూర వాసన షెల్టరు అంత నిండింది. జ్వరంల ఉన్న పిల్ల కూడ కండ్లు తెరిచి చూసింది.

గోడ దాకా నడువు, ఆడ కూసొని తిను అన్నడు నాయక్. ఇంకేం చెప్పే పని లేదు, అది గోడబువ్వ అని అందరికి తెలుసు.

"పంతాన ఇల్లు నిలువదు బద్యా. తింటే అన్న ఎనక కొట్టం నీకు ఇస్తడట."

"బర్ల కొట్టమా?"

"బర్లను అవతల కట్టేస్త తియ్యి," అన్నడు చందూలాల్. "తమ్మీ, పిల్ల మొఖం చూడు. ఇంకెన్ని వానలల్ల తడుపుతవు దాన్ని?"

ఆ మాట నిజమైంది గనుకనే బద్యాకు ఎక్కువ కాలింది. లేచి నడిచిండు. పత్తి చేన్ల తూర్పు గోడకు వీపు ఆనించి కూసున్నడు. నాలుగు నెలల తర్వాత తన గోడ తన వీపుకు తగిలింది. వానల తడిసినా లోపల ఎచ్చగనే ఉన్నది, పాలిచ్చే బర్రె డొక్క లెక్క. పళ్లెం ఒళ్లె పెట్టిండ్రు. రొట్టె తుంచి కూరల అద్దిండు. ముద్ద నోటి దాకా లేచింది.

అప్పుడు అన్న మొఖం చూసిండు. చందూలాల్ నోరు తెరుచుకొని ఉన్నది. చంటిపిల్లకు తినిపించేటప్పుడు తల్లి నోరు తెరుచుకున్నట్టు, ఆ ముద్ద ఎప్పుడు లోపలికి పోతదా అని అతని గొంతు కూడ కదులుతున్నది.

బద్యా ముద్దను పళ్లెంల పెట్టి లేచిండు.

"పిల్ల మొఖం చూడమంటివి గద అన్నా. చూసొస్త."

పళ్లెం పట్టుకొని షెల్టరు దాక నడిచి, రూప్లిని ఒళ్లె కూసోబెట్టుకొని అన్నంల కూర కలిపి తినిపించిండు. పిల్ల తిన్నంత తిన్నది, మిగిలింది జంపక్క కోళ్లకు ఏసిండు. తన వేళ్లకు అంటిన చారు కూడ నాకలే, చూరు నీళ్ల కింద చెయ్యి పెట్టి కడిగిండు. పళ్లెం తోమి, తుడిచి, తెచ్చి చందూలాల్ చేతుల పెట్టిండు.

"ఉప్పు జర ఎక్కువైందట, మా రూప్లి అంటున్నది. వదినెకు చెప్పు."

ఇదంత బిడ్డ కోసం చేసిండంటే అబద్ధం. బిడ్డ కోసమైతే తిని కొట్టంల పండుకునేటోడు. అది బద్యాకు తెలుసు, జంపక్కకు ఇంకా బాగ తెలుసు. పొద్దుగూకే యాళ్లకు జ్వరం గోలీలు, ఏడినీళ్లు పట్టుకొని వచ్చింది.

"నీ పంతం శానా గొప్పది తమ్ముడా. పిల్ల ఒళ్లు కాలుతున్నది. పంతం కప్పుతవా దానికి?"

బద్యా గోలీ నలిపి పిల్లకు తాగించిండు. ఆమె తన కొట్టు ఎనక జాగ చూపించింది. నాలుగు దిక్కుల చదునుగ ఉన్నది, రాళ్లు లేవు. ఈడ పక్క పరుచుకో, గోడలు వస్తే ఈడికే వస్తయి అన్నది. అట్లని దానం చేస్తున్న అనుకోకు, ఆ గోడల చాటుకు నా కొట్టుకు పడమటి గాలి కొట్టది అన్నది. దానం కాదన్నందుకు బద్యా ఒప్పుకున్నడు. తాటాకులు నాలుగు నిలబెట్టి, బిడ్డను వాటి నడుమ పండబెట్టుకొని కూసున్నడు.

గోడలకు ఎవరు చెప్పిండ్రో ఏమో, రోజుకు బారెడు వచ్చేటివి ఆ తెల్లారి ఇరవై బారలు వచ్చినయి. ఇంకో తెల్లారి జంపక్క పాలు కాగబెట్టడానికి లేచేసరికి నాలుగు గోడలు పిల్ల చుట్టు నిలబడి ఉన్నయి. బురద కాళ్ల లెక్క కింద అంత పత్తి ఆకులు అంటుకొని ఉన్నయి. లోపల జల్లు లేదు, గాలి లేదు. రూప్లికి చెమటలు పట్టి జ్వరం దిగుతున్నది. బద్యా బిడ్డ నొసటి మీద చెయ్యి పెట్టి చూసిండు, తర్వాత తూకం గుండు తీసి నాలుగు మూలల వేలాడదీసిండు. అంత దూరం నడిచొచ్చినా గింజంత వంకర లేదు. పైన తాటాకులు కప్పిండు.

ఇగ చందూలాల్ సంగతి. గోడలు పోయినయి గని రేకులు అతనియే, గుంజలు అతనియే. తలుపు కూడ అతను కొన్నదే గనుక అది చౌకట్టుతోటి ఉన్న కాడనే నిలబడ్డది. ఊరికి పోయేటప్పుడు అలవాటు తప్పక దానికి తాళం ఏసుకొని పోయేటోడు. చుట్టు చీరెలు కడితే గాలి ఎత్తుకపోయింది. తడకలు కడితే మేకలు తిన్నయి. వాళ్లు ఏం కూర వండుకున్నరో, ఎవరు ఎవర్ని తిట్టిండ్రో, చందూలాల్ బనీనుకు ఎన్ని చిల్లులున్నయో తండా అంతటికి కనవడ్డది. తెల్లబట్టలోనికి అంతకంటే శిక్ష లేదు. వానకాలం అయిపోయే వరకు ఇంట్ల గుసగుస తప్ప మాట లేకుంట పోయింది. మట్టి గోడ పెట్టమని పిలుద్దామంటే, ఇటు చండ్రుగొండ దాక, అటు దమ్మపేట దాక ఉన్నది ఒక్క బద్యానే.

రెండు నెలలకు వచ్చిండు. పొద్దున, తండా అంత లేచినంక రమ్మని బద్యా కబురు పంపితే, అప్పుడే వచ్చిండు. జంపక్క కొట్టు కాడ చాయ తాగేటోళ్లందరు ఉన్నరు. తమ్మీ, గోడలు పెట్టాలె అన్నడు. ఆ మాట రెండోసారి అడిగించుకున్నడు బద్యా, మొదటిసారి వినపడలేదని.

"పెడత. సగం రేకులు నా ఇంటి మీద ఎయ్యి ముందు."

ఏసిండు. తానే నిచ్చెన ఎక్కి ఏసిండు.

బద్యా మాట తప్పలే. మూడు రోజులు మట్టి నానబెట్టిండు, తొక్కిండు, వరుస మీద వరుస పెట్టిండు. పగోని ఇంటి గోడ అని వంకర పెట్టే రకం కాదు అతను. నెలలోపల నాలుగు గోడలు గుండు తాడు లెక్క నిటారుగ లేచినయి. ఆఖరి రోజు చందూలాల్ భార్య మేకను కోయించి వండింది. గోడ మొదట పీట ఏసిండ్రు, పళ్లెం పెట్టిండ్రు, చెంబుల నీళ్లు పెట్టిండ్రు. రాందాస్ నాయక్ సాక్షిగ నిలబడ్డడు.

బద్యా చెంబు తీసుకొని చేతుల మట్టి కడుక్కున్నడు. తుండుగుడ్డ దులిపి భుజం మీద ఏసుకున్నడు.

"ఆకలైతలేదన్నా. అయినప్పుడు చెప్పంపిస్త."

చందూలాల్‌కు మొదలు అర్థం కాలే. బద్యా వాకిలి దాటినంక అర్థమై పీట మీద తానే కూలబడ్డడు. ఆ గోడలు ఆడనే ఉంటయి, బద్యాకు నీడ ఉన్నన్ని రోజులు. అతని ఇల్లు కూలిందా, కాలిందా, ఎవడన్న ఎల్లగొట్టిండా, ఈ నాలుగు గోడలు లేచి పోతయి.

అప్పటి నుంచి ఎన్ని వానకాలాలు పోయినా తండల మొదటి చినుకు పడంగనే నిచ్చెన భుజం మీద పెట్టుకొని ఉరికేది చందూలాలే. తన కప్పు కారినా పట్టించుకోడు. బద్యా ఇంటి మీద ఎక్కి, తారు డబ్బా ముంగట పెట్టుకొని, రేకుల చిల్లులు ఎతుకుతడు. ఒకసారి ఇది అటవీ జాగ అని ఆఫీసరు కొలవడానికి వస్తే, బద్యా ఇల్లు ముట్టుకుంటే ఊకోనని అందరికంటే ముందు అడ్డం నిలబడ్డది సుత అతనే. బద్యా మాత్రం కింద మంచం మీద కూసొని, బడికి పోయే రూప్లికి జడ ఏసుకుంట, పైకి చూడకనే చెప్తడు.

"ఆడ కాదు. ఇంకొంచెం ఎడమకు."

చందూలాల్ ఎడమకు జరుగుతడు. తారు రాస్తడు. దిగేటప్పుడు నిచ్చెన మధ్యల ఆగి, జర మెల్లగ అడుగుతడు.

"తమ్మీ, మీ వదినె ఇయ్యాల మంచి కూర వండింది. వచ్చి ఓ ముద్ద తినిపోరాదు?"

బద్యా జడ చివర రిబ్బను ముడి బిగించి, సమంగ ఉన్నదా లేదా అని ఒక కన్ను మూసి చూసి, బిడ్డను బడికి తోలుతడు.

"ఇయ్యాల ఆకలి లేదన్నా," అంటడు.