కుర్చీలు నింపే మనిషి

మైకు మీద వేలితో తట్టి "హలో, హలో" అన్నాడు కుర్చీల బాబాయ్. స్పీకరు గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి ఊరుకుంది. వేదిక మీది నీళ్ళ సీసాల మూతలు ముందే వదులు చేసి పెట్టాడు. ఉపన్యాసం మధ్యలో పెద్దమనుషులు మూతలతో కుస్తీ పట్టడం ఆయనకి నచ్చదు. తర్వాత హాలు కేసి తిరిగాడు. ముందు వరుసల్లో అధ్యాపకులు, మధ్యలో హాజరు కోసం వచ్చిన విద్యార్థులు. వెనకంతా ఖాళీ.

ఆయన లా కాలేజీలో సభల హాలు చూసుకునే అటెండరు. ఏదో సదస్సుకి కుర్చీలు సర్దడానికి తాత్కాలికంగా వచ్చి, ఆ కుర్చీల మధ్యే జుట్టు నెరిపించుకున్నాడు. కాలేజీ పిల్లలు పెట్టిన పేరు అసలు పేరుని మింగేసింది. సన్నటి మనిషి. ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు కాస్త పక్కకి ఒదిగి నడుస్తాడు. "ఒక్క నిమిషం" ఆయన ఊతపదం. చిన్నప్పుడు ఆయన కూతురు నిమిషమంటే ఒక పూట అనుకునేది. "మీ నాన్న నిమిషం వేరమ్మా" అని భార్య పగలబడి నవ్వేది. ఇప్పటికీ ఆ మాట అంటోంది గానీ, నవ్వడం లేదు.

కార్యక్రమాలు చూసే మేడమ్ హడావిడిగా వచ్చింది. "బాబాయ్, ఫొటోల్లో వెనకంతా బోసిగా వస్తుంది. ఏదో ఒకటి చెయ్యి."

"మీరు వేదిక చూసుకోండమ్మా, నేనున్నాగా."

కింది అంతస్తులో కాలేజీవాళ్ళ ఉచిత న్యాయ సలహా కేంద్రం ఉంది. పిల్లలు దాన్ని క్లినిక్కు అంటారు. ఆ మాట విని కట్టు కట్టించుకుందామని వచ్చినవాళ్ళూ ఉన్నారు. చివరి ఏటి విద్యార్థులు అక్కడ కూర్చుని, ఫీజులిచ్చుకోలేని వాళ్ళ గోడు వింటారు. కాగితాలు రాసిపెడతారు. అవసరమైతే ప్రొఫెసరుతో కలిసి కోర్టుకీ వెళ్తారు. నడవాలో జనం వంతు కోసం ఉక్కపోతలో గంటల తరబడి పడిగాపులు కాస్తారు. వాళ్ళని పైకి తెచ్చి కూర్చోబెడితే వాళ్ళకీ చల్లదనం, సభకీ నిండుతనం. ఇన్నేళ్ళుగా ఆయన చేస్తున్నది అదే. అందులో ఆయనకి తప్పేమీ కనిపించలేదు.

ఆవేళ బల్ల చివర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి, వేళ్ళ కొసలు నానిపోయి తెల్లబారి ఉన్నాయి. ఇళ్ళలో గిన్నెలు తోమే చేతులని చూడగానే తెలిసిపోతోంది.

"పైన చల్లగా ఉంటుందమ్మా. కాసేపు కూర్చుందురుగాని, రండి."

"నన్ను పిలుస్తారేమో బాబూ. రేపే వాయిదా."

"మీ వంతు రాగానే నేనొచ్చి పిలుస్తా. పూచీ నాది."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. నమ్మి లేచింది. ఆవిడ వెనకే ఇంకొందరూ కదిలారు.

సభ మొదలైంది. పేదవాళ్ళు కోర్టు గడప దాకా వచ్చి ఎందుకు వెనక్కి పోతున్నారన్నదాని మీద క్లినిక్కు చూసే ప్రొఫెసరే తన పరిశోధన వివరిస్తున్నాడు. తెర మీద రంగు గీతలు లేస్తూ పడుతూ ఉన్నాయి. ఉపన్యాసాలు కుర్చీల బాబాయ్ చెవిన పడతాయే గానీ లోపలికి దిగవు. కింద వంతు ఎంతవరకు వచ్చిందో చూసొద్దామని తలుపు దాకా వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మైకు మూగబోయింది. పరిగెత్తి తీగ మార్చాడు. ముఖ్య అతిథి వేడినీళ్ళు అడిగితే తెచ్చిచ్చాడు. ప్రశ్నలు మొదలయ్యాక మైకు పట్టుకుని వరుసల మధ్య తిరిగాడు. చివర్లో హాలంతా చప్పట్లు మోగాయి. మేడమ్ కళ్ళతోనే మెచ్చుకుంది. ఆయన పొంగిపోయాడు.

కింద నుంచి వచ్చిన మిగతావాళ్ళు ఎవరికి వాళ్ళు వంతు చూసుకుని ఎప్పుడో దిగిపోయారు. అందరూ వెళ్ళాక లైట్లు ఆర్పబోతూ చూశాడు. చివరి వరుసలో ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది.

ఆయన వరుసల మధ్యగా పరిగెత్తాడు.

"పిలుస్తానన్నావు కదా బాబూ, అందుకే కదల్లేదు." గొంతులో నిష్ఠూరం లేదు.

పడుతూ లేస్తూ మెట్లు దిగాడు. క్లినిక్కుకి తాళం పడింది. ఒక విద్యార్థిని బ్యాగు భుజాన వేసుకుంటోంది. పైన కూర్చున్న పెద్దావిడ సంగతి అడిగాడు.

"ఆవిడ నంబరు పిలిచి పిలిచి ఊరుకున్నాం బాబాయ్. వెళ్ళిపోయిందనుకున్నాం. వచ్చేవారం రమ్మను."

"వాయిదా రేపేనమ్మా!"

ఆ అమ్మాయి బ్యాగు కింద పెట్టింది. ప్రొఫెసరుకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. "ఆయన సంతకం లేకుండా మేం కోర్టులో నిలబడలేం. గడువు కావాలని ఆవిడనే జడ్జిగారిని అడగమను."

ఆ మాట మోసుకుని పైకెక్కాడు. ఆవిడ విని తలూపింది.

"నా కూతురు పోయాక మనవరాలిని నేనే పెంచా బాబూ. ఇప్పుడు దాని తండ్రి తీసుకుపోతానంటున్నాడు. నువ్వే పెంచావనడానికి రుజువేదీ అంటారట." సంచి విప్పి పక్క కుర్చీలో కుమ్మరించింది. అన్నీ చిన్నపిల్ల చెప్పులే. పిల్ల కాలు పెరిగినకొద్దీ పెద్దవవుతూ, అరిగినవి, తెగి కుట్టించినవి. "ఇవి చూపిస్తే చెల్లుతుందా అని అడగడానికే వచ్చా."

ఆయన వంగి ఆ చెప్పుల కేసి చూశాడు. "రేపు నేనొస్తానమ్మా కోర్టుకి" అన్నాడు.

"నువ్వొచ్చి ఏం చెబుతావు బాబూ?" ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. చెప్పులు సంచిలో వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ కంచం ముందు పెట్టి, "పొద్దున్నే బయల్దేరండి. ఈసారి ఒక్క నిమిషం అనకండి" అంది.

కాలేజీకి సెలవు చెప్పకుండానే కోర్టుకి వెళ్ళాడు. ఏ గదో తెలియక వరండాలన్నీ తిరిగాడు. చివరికి ఒక బంట్రోతు చెప్పాడు. "ఆ ముసలావిడా? ఇందాకే అయిపోయింది. ఏదో చెప్పబోయింది గానీ ఏడుపు ఆగలేదు. అవతలి లాయరు గడగడా మాట్లాడేశాడు. పిల్లని తండ్రి దగ్గరుంచమన్నారు."

"ఆవిడ ఎటెళ్ళింది?"

"ఎవరు చూశారు?"

క్లినిక్కులో ఆవిడ పేరు గానీ చిరునామా గానీ లేవు. లోపలికి వెళ్తేనే కదా రాసుకునేది. విద్యార్థిని కళ్ళు తుడుచుకుంది. ప్రొఫెసరు "అయ్యో" అన్నాడు, పైకోర్టుకి వెళ్ళొచ్చన్నాడు. ఎవరిని తీసుకుని వెళ్ళాలో ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నం మరో సభ. మేడమ్ వెనక వరుసల కేసి చూపించింది.

"ఉండనివ్వండమ్మా, ఖాళీగానే" అన్నాడాయన. మేడమ్ వింతగా చూసి వెళ్ళిపోయింది.

ఆయన చీపురు తీసుకుని చివరి వరుస ఊడవడానికి వంగాడు. కుర్చీ కాలికి ఆనుకుని, అరచేతిలో ఇమిడేంత చెప్పు ఒకటి పక్కకి ఒరిగి ఉంది. పట్టీకి కుట్టిన దారం ఇంకా కొత్తగానే ఉంది.