పొత్తిళ్ల బొంత

నేను ఒక బొంతను. దుప్పటిని కాను, రగ్గును అసలే కాను. దుకాణంలో అద్దాల వెనక మడతలు పెట్టి కూర్చోబెట్టే కంబళ్లకూ నాకూ చుట్టరికం లేదు. అవి ఒక్క గుడ్డతో పుడతాయి. నేను ఏడెనిమిది చీరల పుణ్యాన పుట్టాను. మనుషులది చిత్రమైన బుద్ధి లెండి. కొత్తలో నలుగురికీ చూపించి మురిసిన చీరను, రంగు వెలియగానే మసిగుడ్డ కింద దించేస్తారు. ఆ చీరనే ముక్కలు చేసి, మళ్లీ కలిపి కుడితే మాత్రం, ఎంత మెత్తగా ఉందో అంటూ దాని మీదే ఒళ్లు మరిచి నిద్రపోతారు.

నన్ను కుట్టింది కొమురవ్వ. హుస్నాబాద్‌లో పెంకుటిల్లు, ఇంటిముందు చిన్న అరుగు, ఆ అరుగే నా పుట్టిల్లు. కొమురవ్వకు ఒక్కడే కొడుకు తిరుపతి. కోడలు రజిత బజార్లో బట్టల దుకాణంలో పనిచేసేది. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. మామూలుగా అయితే తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, బిడ్డను పడుకోబెట్టే బొంత అమ్మమ్మ చేత్తో రావాలి. రజిత తల్లి ఏడాది కిందటే పోయింది. తండ్రి అంతకుముందే లేడు. అందుకని ఆ లోటు కోడలికి తెలియనివ్వకూడదని కొమురవ్వ పంతం పట్టింది. "తల్లి లేని పిల్ల కాన్పని ఎవలన్న అంటె నాలుక కోస్త" అని అరుగు మీద కూర్చునే ఆడవాళ్లందరికీ ముందే చెప్పేసింది. అననివాళ్లకు కూడా చెప్పింది, అదీ ఆమె తరహా.

చెప్పకుండా చేసి మురిపించాలని ఆమె ఆశ. కోడలు దుకాణానికి వెళ్లగానే పాత చీరల మూట విప్పేది, వచ్చే వేళకు కట్టేసేది. బొంత కుట్టడమంటే పాత గుడ్డలు పోగేసి సూది గుచ్చడం అనుకునేరు! ఇల్లలకగానే పండగ కాదు. ముందు ప్రతి చీరనూ సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టాలి, బండ మీద బాదాలి, గంజీ వాసనా మురికీ అంతా పోయేదాకా జాడించాలి. పసిబిడ్డ ఒంటికి తగిలే గుడ్డలో పాత మనిషి చెమట ఉండకూడదంటుంది కొమురవ్వ. ఆ తర్వాత ఎండలో ఆరేసి, కత్తెర పెట్టకుండా చేత్తో చింపాలి. చేత్తో చింపితే నూలు వెంట సరిగ్గా చిరుగుతుంది. పొరలు పరిచి, మూలల మీద రాళ్లు పెట్టి, అంచు నుంచి లోపలికి సన్నగా కుట్టుకుంటూ రావాలి.

ఎరుపు ఉంది, పసుపు ఉంది, నీలం ఉంది. నా నడుమ వేయడానికి ఆకుపచ్చ మాత్రం దొరకలేదు. ఇల్లంతా వెతికితే కోడలి పెట్టె అడుగున, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆవపిండి రంగు అంచున్న ఆకుపచ్చ నూలుచీర కనబడింది. విప్పి చూస్తే విడిచిన చీర, ఉతకనే లేదు. "కడుపుతోటి ఉన్న పిల్ల, పాపం యాడనో వెట్టి మరిచింది" అనుకుంది కొమురవ్వ. దాన్ని అన్నిటికంటే ఎక్కువగా ఉతికింది. రెండుసార్లు సబ్బు పెట్టింది. ఆనక చింపి నా నడుమ పువ్వులా కూర్చింది.

ఇక అంచుకు పట్టీ వేయడమే మిగిలింది. అంతదాకా ఆగలేకపోయింది ముసలిది. ఆ సాయంత్రం రజిత ఇంకా చెప్పులు విడవకముందే నన్ను మంచం మీద పరిచి, "చూడు బిడ్డా" అంది.

రజిత ముఖం వెలిగిపోయింది. నిజం చెబుతున్నాను, నన్ను చూసి అంత సంబరపడ్డవాళ్లు అంతకుముందు లేరు. వంగి నా మీద చెయ్యి వేసింది. ఎరుపు దాటింది, నీలం దాటింది, ఆకుపచ్చ దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది. మెల్లగా నన్ను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన.

"ఉతికినవా అత్తమ్మా?"

"రెండుసార్లు సబ్బు వెట్టిన బిడ్డా."

"ఇది మా అమ్మ ఆఖరుకు కట్టిన చీర. అమ్మ వాసన ఉంటదని ఉతకకుంట దాసుకున్న."

మంచికి పోతే చెడ్డ ఎదురవడమంటే ఇదే. రజిత అరవలేదు, ఏడవలేదు. అరిస్తే కొమురవ్వ కూడా నాలుగు మాటలని తేలికపడేది. "నా బిడ్డను దీని మీద పండవెట్టద్దు" అని మాత్రం చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు ఆ వాసన తెలియదు. నేను పుట్టేసరికే అది నీళ్లలో కలిసిపోయింది. అయినా దొంగతనం చేసి దొరికినట్టు సిగ్గేసింది నాకు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు ఉప్పూ పప్పూ వరకే. అత్త వడ్డించేది, కోడలు తినేది. తిరుపతి ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం వంక చూసేవాడు. మగవాళ్లకు ఇలాంటప్పుడు అన్నంలో ఏం కనబడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక మధ్యాహ్నం కొమురవ్వ నన్ను అరుగు మీదికి తెచ్చి బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ ముక్కలు ఒక్కొక్కటే ఊడదీసి, నేల మీద పక్కపక్కన పేర్చసాగింది. మళ్లీ చీర చేద్దామని! ఈ అంచు ఆ అంచుకు ఆనించి చూసేది, కుదరక మార్చేది. కళ్లు తుడుచుకుని మళ్లీ పేర్చేది. రజిత ఆ రోజు నడుము నొప్పి అని తొందరగా వచ్చింది. వాకిట్లో నిలబడి చూసింది.

"ఇగ విప్పకు అత్తమ్మా. విప్పితే ఉన్నది గూడ చిరుగుతది."

"నాకెర్కలేకపాయె బిడ్డా" అంది కొమురవ్వ. అంతకంటే చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

రజిత లోపలికి వెళ్లిపోయింది. అది కోపమో జాలో మా ఇద్దరికీ తెలియలేదు. కొమురవ్వ ముక్కలన్నీ మళ్లీ నాకే కుట్టింది. అంచు పట్టీ మాత్రం వేయలేదు. ఎవరికోసం వేయాలి? మడిచి పెట్టెలో పడేసింది.

ఆడపిల్ల పుట్టింది. పురుడు చేసి బిడ్డను తొట్టెలో వేసే రోజు ఇంటినిండా ఆడవాళ్లు. కొమురవ్వ బజారుకు పోయి ఎలుగుబంట్ల బొమ్మలున్న మిల్లు దుప్పటి తెచ్చి తొట్టెలో పరిచింది. పెట్టె చీకట్లో నేను అన్నీ వింటూనే ఉన్నాను. ఈర్ష్య పడలేదంటే అబద్ధం.

అంతలో పెట్టె తెరుచుకుంది. రజిత! బాలింత కదా, వంగడానికి ఆయాసపడుతోంది. నన్ను భుజాన వేసుకుని నలుగురి మధ్యకు నడిచింది. తొట్టెలోని దుప్పటి తీసి పక్కన పెట్టి నన్ను పరిచింది.

"పట్టీ ఎయ్యలే బిడ్డా" అంది కొమురవ్వ.

"తర్వాత ఎయ్యి. పిల్ల ఎటు పోదు."

బిడ్డను నా మీద పడుకోబెట్టి, ఆ చిన్న చెంపను ఆకుపచ్చ మీదికి తిప్పింది. "మీ అమ్మమ్మ చీర ఇది. కుట్టింది మీ నాయనమ్మ" అని చెప్పింది. అది తనకు తను చెప్పుకున్నట్టుగా ఉంది. ఆడవాళ్లు పాట అందుకున్నారు.

పాట ముగియనే లేదు, నాకు వెచ్చగా తగిలింది. ఆకుపచ్చ మొత్తం తడిసిపోయింది. అందరూ నవ్వారు. కొమురవ్వ గబుక్కున ముందుకు వచ్చి నన్ను అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అలాగే నిలబడి కోడలి ముఖం వైపు చూసింది.

రజిత బిడ్డను భుజాన వేసుకుని, నన్ను మడిచి, అత్త చేతుల్లో పెట్టింది.

"ఉతుకు అత్తమ్మా" అంది.