నోరు నొక్కిన అత్తగారు

విమానం క్విటో కొండల మధ్య దిగేటప్పుడల్లా "నేల! నేల! పైకి లేపు!" అని అరిచే హెచ్చరిక పెట్టెకు కెప్టెన్ ఎవరిస్తో "అత్తగారు" అని పేరు పెట్టాడు. ఊరికే సాధిస్తోందని ఇవాళ దాని స్విచ్ ఆపేశాడు. మబ్బు విడేసరికి ఎదురుగా కొండ! విమానం ముక్కు పైకెత్తి, వెంట్రుకవాసిలో తప్పించాడు.

చక్రాలు నేల తాకగానే, అలవాటుగా ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కటీ అతని చెంప మీదే పడింది.

"వద్దన్నానా కెప్టెన్ గారూ?" అంది కో-పైలట్ రొసాల్బా. "ఇప్పుడేం రాస్తారు? నిజం రాస్తే మీ యూనిఫాం మీది పైలట్ రెక్కలు ఊడతాయి."

"నూట పన్నెండు మందికి ఊడేవమ్మా, ప్రాణాలు."

లాగ్ పుస్తకం తెరిచి, లోపాల గడిలో రాశాడు: "పెట్టె బాగుంది. నోరు నొక్కింది నేనే." సంతకం పెట్టేసరికి కూడా వెనక చప్పట్లు ఆగలేదు.