బొంతల దుకాణానికి చిరునామా

మా ఇంట్లో కొత్త బోర్డు పెట్టాలంటే పెద్దవాళ్ల నోటి మాట కావాలి. మా ఆయన పద్మనాభం ఉన్నన్నాళ్లూ ఆయన మాట, ఆయన పోయాక నా మాట. అందుకే ఆ రోజు నా కొడుకు జనార్దన్, కోడలు స్నేహలత, వెబ్‌సైట్లు చేసే చైతన్య మా టెంట్ హౌస్‌లో నా కుర్చీ చుట్టూ కూర్చున్నారు.

జనార్దన్ షామియానాలు, కుర్చీలు, గంగాళాలు పెళ్లిళ్లకు కిరాయికి ఇస్తాడు. దానికి వెబ్‌సైటు ఎప్పటినుంచో ఉంది. స్నేహలత మేడ మీద బొంతలు కుడుతుంది. ఎవరింటి పాత నూలు చీర వాళ్లు పంపితే, ఇరవై ఒకటో రోజు పసిబిడ్డను తొట్టెలలో వేసే వేళకు దాన్ని బొంతగా చేసి పంపుతుంది. ఫోన్లో వచ్చే ఆర్డర్లు చూసుకోలేక ఆన్‌లైన్ దుకాణం పెడతానంది.

"మూడు తొవ్వలున్నయి పెద్దమ్మా" అన్నాడు చైతన్య. "ఉన్న సైటు పేరు చివర గీత గీసి బొంతలు అని పెట్టొచ్చు. ఇంట్ల ఒక అర్ర అన్నట్టు. లేదంటే పేరుకు ముందట బొంతలు అని పెట్టి, నడుమ చుక్క. ఇంటిపేరు మీదే, పొయ్యి వేరే. మూడోది, పేరే కొత్తది కొనుడు."

"లోపల్నే పెట్టు" అన్నాడు జనార్దన్. "గూగుల్ల మన పేరు ఇప్పటికే పైకొస్తది."

"అది నిజమే అన్నా. కొత్త పేరైతే మొదటి నుంచి మొదలు. కాని ఇంటికి తాళమేస్తే అర్రకు గూడ పడ్డట్టే. గా మాట యాదికుంచుకోండ్రి."

"నాకు కొత్త పేరే కావాలె అత్తమ్మా" అంది స్నేహలత. "షామియానాల పక్కన బొంతలు ఎవరు చూస్తరు?"

"బొంత కప్పుకొని షామియానా కింద పండుకుంటరు తియ్యి" అన్నాడు జనార్దన్. చైతన్య నవ్వాడు. స్నేహలత నా ముఖమే చూస్తోంది.

నాకు మాత్రం మా పాత బోర్డు గుర్తొచ్చింది. మా మరిది నర్సింగం వేరుపడి మనోహరాబాద్ వెళ్లిన రోజు, దాని మీది 'బ్రదర్స్' అన్న మాట వరకు మా ఆయన రంపంతో కోయించారు. మరిది మొదట వేరు బోర్డు అన్నాడు, తర్వాత వేరు ఇల్లు, ఆ తర్వాత పండుగకు కూడా మా ఇంట్లో చెయ్యి కడగలేదు.

"లోపలే ఉండనియ్యి బిడ్డా. మన పేరైతే ఎతుక్కునేటోళ్లకు దొరుకుతది" అన్నాను. ఆ కారణం జనార్దన్ చెప్పిందే. నా కారణం నా కడుపులోనే ఉండిపోయింది. స్నేహలత "సరే అత్తమ్మా" అని మేడ మీదికి వెళ్లింది.

ఆర్డర్లు బాగానే వచ్చాయి. తర్వాత మూఢం వచ్చింది. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, మా సామాను కదలదు. దుకాణం ముందు పలక మీద ఆ మాట రాసేది ఎప్పుడూ నేనే. బడికి పోలేదు గాని, బోర్డులు చూసి చూసి అక్షరాలు నేర్చుకున్నాను. రాయడమంటే ఈ వయసులోనూ ఉత్సాహమే. 'మూఢం ముగిసే వరకు బంద్' అని సుద్దముక్కతో గుండ్రంగా రాశాను. జనార్దన్ దానికి ఫోటో తీసుకున్నాడు. ఎందుకని అడగలేదు.

ఆ నెలలో మేడ మీద మిషన్ చప్పుడు తగ్గిపోయింది. ఒక రోజు వెళ్లి చూస్తే, స్నేహలత కుట్టిన బొంతనే విప్పుతూ కనిపించింది.

"ఆర్డర్లు ఒక్కటి గూడ వస్తలేవు. కుట్టులనే ఏదో తప్పున్నట్టుంది. చూద్దామని" అంది.

"ఎండలు గదా, బొంతలెవరు కప్పుకుంటరు" అని నేనే సర్దిచెప్పాను.

మరుసటి వారం ఎల్దుర్తి నుంచి మహతి అనే బాలింత బిడ్డను ఎత్తుకొని వచ్చింది. ఎవరి దగ్గరో స్నేహలత నంబరు సంపాదించిందట. సంచిలోంచి పచ్చ నూలు చీర తీసింది.

"మా అమ్మది. నా పురుటికి వస్తనన్నది, రాకముందే పోయింది. ఇరవై ఒకటికి దీంట్లనే పండవెట్టాలనుకున్న. మీ సైటు ఎన్నిసార్లు తెరిచినా బంద్ అనే వచ్చె. ఆఖరికి కొన్న దుప్పటే ఏసినం."

"బందా? నేనెన్నడు బంద్ పెట్టలే" అంది స్నేహలత.

మహతి ఫోన్ చూపించింది. అందులో మా పలక ఉంది, నా గుండ్రటి అక్షరాలు ఉన్నాయి. బొంతల పేజీ తెరిచినా అదే.

కింది నుంచి పిలిపిస్తే జనార్దన్ వచ్చి చూశాడు. "మూఢం గదా, ఊకె ఫోన్లు చేసి సతాయిస్తరని సైటు మొత్తానికి పెట్టిన. నీది గూడ మూతపడ్తదని యాదికి లేదు" అన్నాడు.

"మూఢంల పిల్లలు పుట్టరా?" అంది స్నేహలత. గొంతు పెంచలేదు. విప్పేసిన బొంత ఇంకా ఆమె పక్కనే పడి ఉంది. నేను దానివైపు చూడలేకపోయాను.

"చైతన్యకు ఫోన్ చెయ్యి. నీకు నచ్చిన పేరు కొనుక్కో" అన్నాను.

"లోపలే ఉండాలన్నది మీరే గదా. దొరుకుతదని."

"గూగుల్ సంగతి నాకేమెరుక బిడ్డా. పేరు వేరైతే నువ్వు గూడ వేరు పోతవని భయమైంది. అది చెప్పలేక జనార్దన్ మాట చెప్పిన."

స్నేహలత చీర మడతలు సరిచేసింది. "పోవాల్ననుకుంటే పేరెందుకు అత్తమ్మా, బస్సు చాలు" అంది.

చైతన్య ఫోన్లో అడిగాడు, పాత పేజీ తీసెయ్యాలా అని.

"తియ్యకు" అంది స్నేహలత. "దాన్ని ముట్టినోళ్లు సీదా కొత్తదానికి వచ్చేటట్టు చెయ్యి. పలక గిలక నడుమ రావొద్దు."

"పేరేం పెడదాం అక్కా?"

ఆమె నా వైపు చూసింది. ఇంత జరిగాక కూడా నా నోటి మాట కోసమే చూసింది. "స్నేహలత బొంతలు" అన్నాను.

మహతి వెళ్తూ, ఇరవై ఒకటో రోజు పోయినా సరే కుట్టమంది. చీర కొంగుకు పసుపు మరక ఉంది. దాన్ని లోపలి మడతలోకి పంపొద్దంది. ఆ మరక చుట్టూ నేను చేత్తో కుడతానంటే స్నేహలత సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. కుట్లు వంకరగా పడ్డాయి. విప్పి మళ్లీ కుట్టమని చెప్పాను.

"ఒకటి విప్పిన గదా అత్తమ్మా, చాలు" అని ఆమె బొంతను తన వైపు లాక్కొని, నా వంకర కుట్లను అలాగే ఉంచి, పక్క వరుస మొదలుపెట్టింది.